చంటి: పాలు విడువని పిల్ల

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము మనము ఒక చిన్న మాటను గూర్చి ఆలోచన చేద్దాము. మన ఇండ్లలో, మన గొడ్ల చావిళ్ళలో రోజూ వినబడే మాటే. ఆ మాట 'చంటి'.

సమూయేలు మొదటి గ్రంథము 7వ అధ్యాయము 9వ వచనము మీరు తీసి చూడండి. ఇశ్రాయేలీయులు మిస్పాలో కూడుకొని ఉపవాసముండి ప్రార్థన చేస్తున్నారు. ఫిలిష్తీయులు వారి మీదికి వస్తున్నారని వార్త వచ్చింది. జనులు భయపడి, మా కొరకు ప్రార్థన మానవద్దని సమూయేలును బతిమాలారు. అప్పుడు ఆ ప్రవక్త ఒక గొఱ్ఱెపిల్లను తెచ్చి సర్వాంగబలిగా అర్పించాడు. అది ఎలాంటి గొఱ్ఱెపిల్ల? పాలు విడువని గొఱ్ఱెపిల్ల. మన ఊరి భాషలో చెప్పాలంటే చంటిపిల్ల.

ఈ వచనము చదివినప్పుడు చాలామంది 'చిన్న గొఱ్ఱెపిల్ల' అని అర్థము చేసుకొని ముందుకు వెళ్ళిపోతారు. చంటి అంటే చిన్నది అనే మనకు అలవాటు. చంటి అని, చంటిబాబు అని పిల్లలకు ముద్దుపేర్లు పెట్టుకుంటాము. ఆ చంటిబాబుకు ఉద్యోగము వచ్చి, పెండ్లియై, పిల్లలు పుట్టిన తరువాత కూడా వాళ్ళమ్మ నోట అతడు చంటే. కానీ ప్రియులారా, ఈ మాట పుట్టుక చూస్తే దానిలో చిన్నతనము ఎక్కడా లేదు. మరి ఏమున్నది?

తెలుగులో కొన్ని మాటలు వేరొక మాటకు ముందు చేరేటప్పుడు రూపము మార్చుకుంటాయి. ఇల్లు అనే మాట 'ఇంటి' అవుతుంది: ఇంటి తలుపు, ఇంటి పెద్ద. కన్ను అనే మాట 'కంటి' అవుతుంది: కంటి చూపు, కంటి పాప. మిన్ను 'మింటి' అవుతుంది, మన్ను 'మంటి' అవుతుంది. ఇలా చేరే అక్షరములకు మన వ్యాకరణ పండితులు ఔపవిభక్తికములు అని పేరు పెట్టారు. పేరు పెద్దదైనా విషయము సులభమే. ఇంటి అంటే ఇంటి యొక్క, ఇంటికి చెందిన అని అర్థము. కంటి అంటే కంటికి చెందిన అని అర్థము.

అదే వరుసలో చన్ను అనే మాట 'చంటి' అయ్యింది. చంటి అంటే చన్నుకు చెందిన అని అర్థము. చంటిబిడ్డ అంటే చన్నుకు చెందిన బిడ్డ. చంటిదూడ అంటే తల్లి చన్నుకు చెందిన దూడ. ఈ మాటలో పిల్ల వయస్సు లేదు, బరువు లేదు, ఎత్తు లేదు. అది ఎవరిదో, దేనిమీద ఆధారపడి బ్రతుకుతున్నదో మాత్రమే ఉన్నది. మన పూర్వికులు ఈ పిల్లకు పేరు పెట్టేటప్పుడు పిల్లను ఒక్కదానినే చూడలేదు, తల్లిని కూడా కలిపి చూశారు. తల్లిని తీసివేస్తే ఆ మాటకు అర్థమే మిగలదు.

మన చావిడిలో ఉన్న మిగతా మాటలతో దీనిని పోల్చి చూడండి. ఆవుకు పుట్టిన ఆడదూడను పెయ్య అంటాము, మగదూడను కోడెదూడ అంటాము. గేదెకు పుట్టిన మగదానిని దున్నదూడ అంటాము. అవి ఆడ, మగ తేడాను చెప్పే మాటలు. ఎదిగి ఇంకా ఈనని ఆడ గేదెను పడ్డ అంటాము. అది ఎదుగుదలను చెప్పే మాట.

ఇక లేగ అనే మాట ఉన్నది. లేగదూడ అని మనమందరము అంటాము. ఈ మాటకు మూలము లేతదనము. తమిళములో 'ఇళ' అన్నా, కన్నడములో 'ఎళ' అన్నా లేత అని అర్థము. లేత కొబ్బరికాయ నీళ్ళను తమిళులు ఇళనీర్ అంటారు, కన్నడిగులు ఎళనీరు అంటారు. ఆ మాటే మన తెలుగులో ఒక ప్రక్క 'ఎల'గా నిలిచింది, మరొక ప్రక్క అక్షరములు అటు ఇటు జరిగి 'లే' అయ్యింది. లేత, లేజిగురు, లేగ, ఇవన్నీ ఆ ఇంటి బిడ్డలే. కాబట్టి లేగ అంటే లేతది. పసికందు అనే మాట కూడా ఇలాంటిదే. తమిళములో దూడను 'కన్ఱు' అంటారు, కన్నడములో చిన్నబిడ్డను 'కంద' అంటారు. మన పసికందులోని కందు కూడా ఆ కుటుంబములోని మాటే. దూడకూ బిడ్డకూ ఒకే మాట వాడుకున్న జనము మన దక్షిణాది జనము.

లేగ అనే మాట పిల్లను చూచి పెట్టిన పేరు, చంటి అనే మాట పిల్లకూ తల్లికీ ఉన్న బంధమును చూచి పెట్టిన పేరు. ఈ తేడాను మనసులో ఉంచుకోండి.

ఇప్పుడు ఆ బంధము ఎలా పనిచేస్తుందో చూద్దాము. గేదెను పాలు తీసేవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున తపేలా పట్టుకొని గేదె దగ్గర కూర్చున్నంత మాత్రాన పాలు రావు. ముందు దూడ తలుగు విప్పాలి. దూడ పరుగెత్తుకొని వచ్చి పొదుగును మూతితో కుమ్ముతుంది, చన్ను నోట పట్టుకుంటుంది. కొద్దిసేపటికి పొదుగు నిండుతుంది, చన్నులు బిగుస్తాయి. దానినే 'చేపడము' అంటాము. గేదె చేపింది అంటే ఇక పాలు ఇవ్వడానికి సిద్ధపడిందని అర్థము. దూడ నోరు తగలగానే తల్లి మెదడులో నుండి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తములోనికి విడుదలై పొదుగును చేరుతుంది. అది అక్కడ పాలగదులను నొక్కి పాలను క్రిందికి దించుతుంది. బిడ్డ ఏడుపు వినగానే తల్లికి చనుబాలు ఉబికి రావడానికి కారణము కూడా ఆ హార్మోనే. అవసరము పిలిస్తే పాలు దిగేలా దేవుడు తల్లి శరీరమును కట్టాడు.

దూడ చనిపోతే కొన్ని గేదెలు చేపవు. అందుకే పూర్వము చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, తల్లి ముందు నిలబెట్టి పాలు తీసేవారు. తల్లి ఆ తోలును నాకుతూ చేపేది. అది చూచినవారికి కడుపు తరుక్కుపోతుంది. అయినా ఒక సత్యము అక్కడ కనబడుతుంది. పాలు మనవి అని మనము అనుకుంటాము. గేదె మాత్రము ఏనాడూ మన కొరకు చేపలేదు. తన చంటిదాని కొరకే చేపింది. ఆ దూడ పేరున దిగిన పాలలోనే మనము మన వాటా తీసుకుంటున్నాము.

మన కృష్ణా డెల్టాలో పాడి అంటే చిన్న విషయము కాదు. వరి కోసిన చేలలో జనుము, పిల్లిపెసర చల్లి పశువులను మేపుకునే ప్రాంతము మనది. పంట దెబ్బతిన్న సంవత్సరము పాలకేంద్రములో వచ్చే డబ్బులే ఎన్నో కుటుంబములను నిలబెట్టాయి. భూమి లేని మన సంఘస్థులకు ఒక గేదె ఉంటే పిల్లల ఫీజులకు ధైర్యము. కాబట్టి పాల విషయములో పేదవాని ఇబ్బంది దేవునికి తెలియనిది కాదు. అయినా ఆయన వాక్యము చంటిదాని పక్షమున కూడా మాట్లాడుతున్నది.

బైబిలులో ఈ మాట ఎలా ఉన్నదో గమనించండి. మిస్పాలో సమూయేలు తెచ్చిన పిల్లకు హెబ్రీ భాషలో ఉన్న మాటలు రెండు: తాలె అంటే గొఱ్ఱెపిల్ల, హాలాబు అంటే పాలు. రెండు కలిపితే పాల గొఱ్ఱెపిల్ల. మనము చన్ను పేరుతో పిలిచినట్లే వారు పాల పేరుతో పిలిచారు. అక్కడ కూడా వయస్సు చెప్పలేదు.

ఈ తాలె అనే మాటకు అరామిక్ భాషలో ఒక బంధువు ఉన్నది. మార్కు సువార్త 5వ అధ్యాయము 41వ వచనములో, పన్నెండేండ్ల వయస్సుగల యాయీరు కుమార్తె చనిపోయి పడియున్నప్పుడు, ప్రభువు ఆమె చెయ్యి పట్టి 'తలీతా' అని పిలిచాడు. చిన్నదానా అని దాని అర్థము. ఆ మాట పుట్టుకలో గొఱ్ఱెపిల్ల ఉన్నదని భాషాపండితులు చెబుతారు. మన ఇండ్లలో పెద్దపిల్లను కూడా ముద్దుగా చంటీ అని పిలిచినట్లు ఉన్నది కదా! ఆ చిన్నది లేచి నడిచిన వెంటనే ప్రభువు ఏమి ఆజ్ఞాపించాడు? ఆమెకు తినడానికి ఏమైనా పెట్టండి అన్నాడు. అంత గొప్ప అద్భుతము జరిగిన గదిలో కూడా పిల్ల ఆకలి ఆయనకు గుర్తున్నది.

హెబ్రీలో ఇంకొక మాట ఉన్నది. 'ఊల్' అంటే పాలు త్రాగే పిల్ల. యెషయా 49వ అధ్యాయము 15వ వచనములో, తల్లి తన చంటిపిల్లను మరచిపోగలదా అని దేవుడు అడిగినప్పుడు వాడిన మాట ఇదే. ఒకవేళ తల్లి మరచినా తాను మరువనని ఆయన వాగ్దానము చేస్తున్నాడు. ఈ ఊల్ అనే మాట ఏ ధాతువు నుండి పుట్టినదో, పాలిచ్చే తల్లులను గూర్చిన 'ఆలోత్' అనే మాట కూడా దాని నుండే పుట్టినది. త్రాగే పిల్లా, ఇచ్చే తల్లీ ఒకే వేరుకు రెండు కొమ్మలు. మన చంటి అనే మాటలో ఏ సంగతి ఉన్నదో, ఎక్కడో దూరమున ఉన్న హెబ్రీ మాటలో కూడా అదే సంగతి ఉన్నది. గొఱ్ఱెలు కాచే జనమూ గేదెలు మేపే జనమూ ఒకే సత్యమును చూశారు.

ఆ ఆలోత్ అనే మాట వచ్చే కొన్ని చోట్లను మనము ధ్యానము చేద్దాము.

మొదటిది ఆదికాండము 33వ అధ్యాయము 13వ వచనము. యాకోబు ఇరవై సంవత్సరముల తరువాత అన్నయైన ఏశావును కలుసుకున్నాడు. కలిసి ప్రయాణము చేద్దామని ఏశావు అన్నాడు. ఏశావు దగ్గర నాలుగువందల మంది మగవారు ఉన్నారు, వారు వేగముగా నడువగలరు. యాకోబు ఏమన్నాడు? నా దగ్గర పసిపిల్లలున్నారు, పాలిచ్చే గొఱ్ఱెలు, పశువులు ఉన్నాయి, ఒక్క దినము వడిగా తోలితే మంద అంతా చచ్చిపోతుంది, నేను వాటి నడకను బట్టి మెల్లగా వస్తాను అన్నాడు. ఎన్నో తప్పులున్న మనిషే యాకోబు. కానీ ఆ రోజు మంచి కాపరిగా మాట్లాడాడు. గుంపు వేగమును నిర్ణయించవలసినది ముందు నడిచే బలవంతుడు కాదని, వెనుక ఉన్న చంటితల్లి అని ఆయనకు తెలుసు.

దివిసీమలో ఈ సంగతి మనకు కన్నీళ్ళతో నేర్పబడినది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను చూచినవారు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. తాటిచెట్టంత ఎత్తు అల వచ్చిందని వారు చెబుతారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. అంతకు ముందు 1864 నవంబరు 1న మచిలీపట్నమును ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారని చరిత్ర చెబుతున్నది. ఇలాంటి నీటిలో మొదట చిక్కుకునేది ఎవరు? పరుగెత్తలేనివారు. చంకలో బిడ్డ ఉన్న తల్లి, కొయ్యకు కట్టివేయబడిన దూడ, దూడను విడిచి కదలని గేదె. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు పశువుల కట్లు విప్పివేయండి అని అధికారులు ఈ రోజుల్లో చెబుతున్నారు. చంటిబిడ్డల తల్లులను, బాలింతలను, ముసలివారిని ముందుగా షెల్టరుకు చేర్చండి అని చెబుతున్నారు. అది యాకోబు మాటే. చివరివాని నడకను బట్టి ముందుగా బయలుదేరమని దాని అర్థము.

రెండవది కీర్తనల గ్రంథము 78వ అధ్యాయము 71వ వచనము. దేవుడు దావీదును రాజుగా ఎక్కడ నుండి తీసుకున్నాడు? పాలిచ్చే గొఱ్ఱెల వెనుక నడుస్తున్నప్పుడు తీసుకున్నాడు. వాటి వెనుక నడిచేవాడు త్వరపడలేడు. ఏ పిల్ల వెనుకబడిందో, ఏ తల్లి ఆగి తిరిగి చూస్తున్నదో గమనించాలి. రాజు కాబోయేవాడికి దేవుడు పెట్టిన పాఠశాల అది. మూడవది యెషయా 40వ అధ్యాయము 11వ వచనము. అక్కడ దేవుడే కాపరి. పిల్లలను రొమ్మున మోస్తాడు, పాలిచ్చే తల్లులను మెల్లగా నడిపిస్తాడు. ఆ వచనములో గొఱ్ఱెపిల్లలకు ఉన్న మాట తాలె, తల్లులకు ఉన్న మాట ఆలోత్. మనము చూచిన రెండు మాటలూ ఒకే వచనములో, ఒకే కాపరి దగ్గర కలిశాయి.

నాలుగవది కష్టమైన భాగము. 1 సమూయేలు 6వ అధ్యాయములో ఫిలిష్తీయులు దేవుని మందసమును తిరిగి పంపుతూ, దూడలున్న రెండు పాడి ఆవులను క్రొత్త బండికి కట్టారు. దూడలను ఇంటిలో మూసిపెట్టారు. తల్లి ఆవు దూడ వైపు తిరగకుండా బేత్షెమెషు వైపు వెళితే ఇది దేవుని పనియే అని పరీక్ష. ఆవులు తిరగలేదు, చక్కగా వెళ్ళాయి. ఆ ఆవుల విధేయతను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. కానీ 12వ వచనమును జాగ్రత్తగా చదవండి. అవి అరుస్తూ వెళ్ళాయని అక్కడ వ్రాయబడినది. పాడి ఉన్న ఇంటివారికి ఆ అరుపు తెలుసు. దూడను అమ్మిన రాత్రి గేదె అరిచే అరుపు వీధి చివరి వరకు వినబడుతుంది. పరిశుద్ధ గ్రంథము ఆ అరుపును దాచిపెట్టలేదు. దేవుని పని మీద వెళ్తున్న పశువు బాధను కూడా లేఖనము లెక్కలో వ్రాసింది. కాబట్టి దేవుని పని కొరకు బిడ్డలను ఇంటి దగ్గర విడిచి వెళ్ళే తల్లి, గల్ఫు దేశములలో ఇతరుల బిడ్డలను పెంచుతూ తన బిడ్డను తలచుకొని ఏడ్చే తల్లి, నీ అరుపు కూడా ఆయన వింటున్నాడు.

ఇప్పుడు ధర్మశాస్త్రములోనికి వద్దాము. లేవీయకాండము 22వ అధ్యాయము 27వ వచనములోను, నిర్గమకాండము 22వ అధ్యాయము 30వ వచనములోను ఒక నియమము ఉన్నది. పుట్టిన దూడ గాని గొఱ్ఱెపిల్ల గాని మేకపిల్ల గాని ఏడు దినములు తల్లితో ఉండాలి. ఎనిమిదవ దినము వచ్చే వరకు దానిని బలిపీఠము దగ్గరకు కూడా తేకూడదు. అంటే ఆ ఏడు దినములు దేవుడు తన వంతు కూడా అడగడు. ఇంకా మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టకూడదనే ఆజ్ఞ మూడుసార్లు ఇవ్వబడినది: నిర్గమకాండములో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండములో ఒకసారి. ఏ పాలు ఆ పిల్లకు ప్రాణము కొరకు ఇవ్వబడ్డాయో, ఆ పాలను దాని చావుకు వాడవద్దు. ఆ ఆజ్ఞను అనేకులు అనేక విధములుగా వివరించారు గాని, వినగానే మనసుకు తగిలేది ఇదే.

ఆ మొదటి దినముల పాలను మనము ముర్రుపాలు అంటాము, జున్నుపాలు అంటాము. జున్ను అంటే మనకందరికీ ఇష్టమే. బెల్లము, మిరియాలు వేసి వండిన జున్ను చుట్టములకు పంపించుకోవడము మన ప్రాంతములో మర్యాద. కానీ పశువైద్యులు చెప్పే ఒక సంగతి వినండి. మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే రోగములను ఎదిరించే శక్తి కొంత అందుతుంది. దూడకు అలా అందదు. ఆవు, గేదెల మాయ నిర్మాణము వేరు, ఆ శక్తి దానిలో నుండి దాటి రాదు. దూడ ఏ రక్షణా లేకుండా పుడుతుంది. ఆ రక్షణ అంతా ముర్రుపాలలోనే ఉంటుంది. అదికూడా మొదటి కొన్ని గంటలలో త్రాగితేనే దూడ ప్రేగులు దానిని బాగా పీల్చుకుంటాయి. ఒక దినము గడిస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. దూడ బరువులో పదవ వంతు ముర్రుపాలు మొదటి దినమున దానికి పట్టాలని చెబుతారు. ముప్పది కిలోల దూడకు మూడు లీటర్లు అన్నమాట. మాయ పడేవరకు దూడను చన్ను దగ్గరకు పోనివ్వని అలవాటు కొన్ని ఇండ్లలో ఉన్నది. దాని వలన దూడ ప్రాణమునకే నష్టము.

గేదె మొదటి పాలన్నీ జున్నుకు పోయి, దూడ నాలుగవ రోజున విరేచనములతో పడిపోతే, ఆ దూడకు రోగము వచ్చిందని అంటాము. దాని వంతు దానికి అందలేదని అనము. మరి ముఖ్యముగా దున్నదూడ పుట్టినప్పుడు ఈ అన్యాయము ఎక్కువ. ట్రాక్టర్లు వచ్చిన తరువాత దున్నపోతుతో పని లేదు. అది పాలు ఇవ్వదు. అందుచేత గేదె చేపడానికి మాత్రము దానిని రెండు గుక్కలు త్రాగనిచ్చి లాగివేస్తారు. అది ఎండి ఎముకలగూడై కొన్ని వారములలో చనిపోతుంది. ప్రియ సహోదరుడా, తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టేవాడు నీతిమంతుడని సామెతల గ్రంథము 12వ అధ్యాయములో మనము నేర్చుకున్నాము. చంటి అని దానికి మన భాష పేరు పెట్టింది. చన్ను దానిది అని ఒప్పుకున్న తరువాత దానిని ఆకలితో చంపడము ఏమి న్యాయము?

మనుష్యుల బిడ్డల సంగతి కూడా చెప్పుకోవాలి. మొదట వచ్చే పచ్చని చిక్కటి పాలు మంచివి కావని పిండి పారబోసి, బిడ్డ నోట పంచదార నీళ్ళు, తేనె పోసే అలవాటు ఇంకా కొన్ని ఇండ్లలో ఉన్నది. బిడ్డ పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టమని, ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అవసరము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆరు నెలల తరువాత మెత్తని ఆహారము మొదలుపెట్టి, రెండేండ్ల వరకు, ఆపైన కూడా పాలు ఇవ్వవచ్చు. పెద్దమ్మలారా, నానమ్మలారా, అమ్మమ్మలారా, ఈ విషయములో కోడలు, కూతురు మీ మాటే వింటారు. ఆ మొదటి పాలను పారబోయనివ్వకండి.

ఇప్పుడు మరల మిస్పాకు వెళ్దాము. ఆ బలిని అర్పించిన సమూయేలు ఎవరు? 1 సమూయేలు మొదటి అధ్యాయములో ఆయన తల్లి హన్నా, బిడ్డ పాలు విడిచేవరకు షిలోహుకు రానని చెప్పి, ఇంటి దగ్గరనే ఉండిపోయింది. మ్రొక్కుబడి చేసుకున్నది ఆమెయే, బిడ్డను దేవునికి ఇస్తానన్నది ఆమెయే. అయినా చంటితనము పూర్తి అయ్యేవరకు ఆ బిడ్డ వంతు ఆ బిడ్డకు ఇచ్చి, అప్పుడు తీసుకొని వెళ్ళింది. అలా పూర్తిగా పాలు త్రాగి పెరిగిన సమూయేలే తరువాత పాలు విడువని పిల్లను చేతులలో పట్టుకొని దేవుని ముందు నిలబడ్డాడు. ఆ రోజు ఇశ్రాయేలీయుల దగ్గర సైన్యబలము లేదు. దేవునికి చూపించడానికి వారి దగ్గర ఏమున్నది? తనంతట తాను బ్రతకలేని ఒక పాలపిల్ల. మేము కూడా ఇంతే ప్రభువా, నీవు ఇస్తేనే బ్రతుకుతాము అని ఆ బలి చెప్పింది. ఆ దినమున దేవుడు ఉరిమి శత్రువులను తారుమారు చేశాడు. సమూయేలు ఒక రాయి నిలిపి దానికి ఎబెనెజరు అని పేరు పెట్టాడు.

మరి చంటితనము ఎప్పటికీ ఉండవలసినదేనా? కాదు. దూడ రెండు వారములు దాటితే గడ్డిపరక నోట పెట్టుకుంటుంది, తరువాత నెమరు వేయడము నేర్చుకుంటుంది. పేతురు తన మొదటి పత్రిక 2వ అధ్యాయములో క్రొత్తగా పుట్టిన శిశువులవలె పాలను అపేక్షించమన్నాడు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయములో, ఎప్పటికీ పాలే త్రాగుతూ ఉండవద్దని, బలమైన ఆహారము తినవలసిన కాలము వచ్చిందని మందలింపు ఉన్నది. రెండూ అవసరమే. హెబ్రీలో పాలు మాన్పించడము అనే మాట 'గామాల్'. ఆ మాటకే మేలు చేయడము అనే అర్థము కూడా ఉన్నది. ఇస్సాకు పాలు విడిచిన దినమున అబ్రాహాము గొప్ప విందు చేశాడని ఆదికాండము 21వ అధ్యాయములో ఉన్నది. పాలు మాన్పించడము శిక్ష కాదు, తల్లి చేసే ఇంకొక మేలు.

కీర్తనల గ్రంథము 131వ అధ్యాయములో దావీదు తన ప్రాణమును పాలు విడిచిన పిల్లతో పోల్చాడు. గమనించండి, ఆ పిల్ల ఎక్కడ ఉన్నది? తల్లి దగ్గరనే ఉన్నది. ఇప్పుడు పాల కొరకు వెదకడము లేదు, ఏడవడము లేదు. తల్లి కొరకే తల్లి దగ్గర ఉన్నది. చంటి అనే మాటలో ఉన్న బంధము పాలతో మొదలవుతుంది గాని పాలతో ముగిసిపోదు. ముసలితల్లి పెద్ద కొడుకును చంటీ అని పిలవడములో ఉన్న అర్థము అదే అనుకుంటాను.

కాబట్టి ప్రియులారా, ఈ వారము మీ ఇంటిలో గేదె ఈనితే, జున్ను సంగతి తరువాత, ముందు దూడను చన్ను దగ్గరకు వదలండి. మీ సంఘములో ఆరాధన మధ్యలో చంటిబిడ్డ ఏడిస్తే ఆ తల్లి వైపు కోపముగా చూడకండి. ఆమె కూర్చొని పాలు ఇచ్చుకోవడానికి ఒక మరుగైన చోటు ఏర్పాటు చేయండి. తుఫాను కబురు వినబడితే మీ వీధిలో బాలింత ఎవరున్నారో మొదట ఆలోచించండి. మంద అంతా క్షేమముగా చేరాలంటే పాలిచ్చే తల్లుల నడకను బట్టి నడవాలి.

ప్రార్థన చేద్దాము. ప్రేమగల మా తండ్రీ, తల్లి మరచినా మరువని దేవా, నీవు ఇస్తేనే బ్రతికే వారము మేము. మా ఇండ్లలోని చంటిబిడ్డలను, మా చావిళ్ళలోని మూగజీవములను కాపాడుము. వాటి వంతు వాటికి ఇచ్చే మనసు మాకు దయచేయుము. ఉప్పెనలో తమవారిని పోగొట్టుకొని ఇంకా దుఃఖపడుతున్న కుటుంబములను ఆదరించుము. మమ్మును మెల్లగా నడిపించుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.